లేజర్ పల్స్ బలం: బ్లేడ్ల లెక్క నుంచి పెటావాట్ దాకా

లేజర్ పల్స్ ఎంత బలమైనదో తొలిరోజుల్లో గడ్డం గీసుకునే బ్లేడ్లతో తేల్చేవారు. 1960 మే 16న కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనశాలలో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజర్‌ను పనిచేయించాడు. ఆ తరం లేజర్ ఎన్ని గిలెట్ బ్లేడ్లకు చిల్లు పెడితే దాని బలం అన్ని ‘గిలెట్లు’. సరదా కొలతే గానీ, ఎంత శక్తి చేరిందో ఉజ్జాయింపుగా చెప్పేది. అది ఎంతసేపట్లో చేరిందో మాత్రం చిల్లును చూసి చెప్పలేం.

అసలు కిటుకంతా ఆ సమయంలోనే ఉంది. పల్స్‌లోని శక్తిని జౌళ్లలో చెబుతారు. దాన్ని పల్స్ నిడివితో భాగిస్తే వచ్చేది గరిష్ఠ సామర్థ్యం, వాట్లలో. ఒక జౌల్ ఒక మిల్లీసెకనులో వెలువడితే 1,000 వాట్లు. అదే జౌల్ 100 ఫెమ్టోసెకన్లలో వెలువడితే 10 టెరావాట్లు, అంటే పది లక్షల కోట్ల వాట్లు. దాన్ని ఎంత చిన్న చుక్క మీద కేంద్రీకరించారన్నది మరో లెక్క. చదరపు సెంటీమీటరుకు ఇన్ని వాట్లని చెప్పే ఆ లెక్కకు తీవ్రత అని పేరు.

మైమన్ లేజర్ కాంతి ఒకే ఉదుటున రాలేదు, అడ్డదిడ్డమైన చిన్న చిన్న మెరుపులుగా వచ్చేది. 1962లో అదే పరిశోధనశాలలో హెల్‌వార్త్, మెక్‌క్లంగ్ లేజర్ లోపల కెర్ సెల్ అనే కాంతి తలుపు పెట్టారు. కడ్డీలో శక్తి నిండేదాకా మూసి, ఒక్కసారిగా తెరిచారు. సామర్థ్యం మెగావాట్లకు ఎగబాకింది. రెండేళ్లకు మోడ్ లాకింగ్ అనే మరో పద్ధతి వచ్చింది. దాంతో పల్స్ నిడివి క్రమంగా పికోసెకన్లకు దిగింది.

ఆ తర్వాత పని చాలాకాలం నత్తనడక నడిచింది. పల్స్‌ను ఇంకా పెంచబోతే ఆ తీవ్రతకు కాంతిని పెంచే వర్ధకంలోని గాజే పాడయ్యేది. 1985లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మురూ దారి చూపారు: పల్స్‌ను ముందు కిలోమీటరుకు పైగా పొడవున్న ఆప్టికల్ ఫైబర్‌లో సాగదీసి, నీరసపడ్డాక శక్తి పెంచి, చివర్లో గ్రేటింగులనే గీతల పలకలతో మళ్లీ కుదించాలి. 2018లో వారికి నోబెల్ దక్కింది.

ఈ పద్ధతితోనే 1996లో అమెరికాలోని లివర్మోర్ పరిశోధనశాలలో పెటావాట్ సాధ్యమైంది. 2019లో రుమేనియాలోని మగురేలే లేజర్ 10 పెటావాట్లు అందుకుంది. అయినా అందులో ఒక్కో పల్స్‌లో ఉండేది సుమారు 240 జౌళ్లే; 60 వాట్ల బల్బు నాలుగు సెకన్లలో తాగే కరెంటుతో సమానం. నిమిషానికో పల్స్ చొప్పున లెక్కగడితే సగటు సామర్థ్యం 4 వాట్లు.