చార్మినారు కూడలి: రాకపోకలు, రక్షణ

చార్మినారును గూర్చి వ్రాయువారు తరచుగా దానిని ఒక కట్టడముగా మాత్రమే వర్ణింతురు. పుట్టుకచేత అది ఒక కూడలి. 1591లో ముహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణమున క్రొత్త నగరమును నెలకొల్పినపుడు, పీష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ పథకము ననుసరించి, రెండు రాజమార్గములు ఖండించుకొను చోట నాలుగు దిక్కులకును తెరచిన కమానులతో అది నిలిచినది. కావున త్రోవను విడిచి కట్టడమును, కట్టడమును విడిచి త్రోవను విచారించుట యుక్తము కాదని మా అభిప్రాయము.

చార్మినారునకు ఉత్తరమున చార్‌కమాను, దాని నడుమ గుల్జారు హౌజు కలవు. ('కమాను' అను పారసీక పదమునకు విల్లు అని అర్థము; తెనుగున అది వంపు ద్వారమునకే రూఢమైనది.) పడమటి కమాను రాజప్రాసాదముల వైపునకు దారి తీసెడిది. ఈ చౌకమునకు జిలూఖానా యని పేరు. అనగా ప్రాసాదమునకు ముందు పరివారము వేచియుండు ఆవరణము. నేటి మాటలో చెప్పవలెనన్న వాహనములు నిలుపు స్థలమే! నడచు దారి వేరు, నిలుచు తావు వేరు అను వివేకము ఆ నగర నిర్మాతలకు ఉండెననుటకు ఇది చాలును.

1908 సెప్టెంబరున మూసీ వరద నగరమును ముంచెత్తినది. అనంతరము 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు సందులను విప్పి, వీథులను వెడల్పు చేసినది. పత్థర్‌గట్టి యా మండలి కృషి ఫలమే. వీథికి ఇరువైపుల నల్లరాతి కమానుల వరుస, క్రింద అంగళ్లు, పైన నివాసములు. కమానుల చాటున పాదచారికి నీడయు, బండ్ల రాకపోకల నుండి రక్షణయు. వీథి విస్తరణము, పాదచారి క్షేమము, నగర సౌందర్యము అను మూడును ఒక్క నిర్మాణమున సమకూరినవి. విస్తరణము జరిగిన చోటెల్ల చరిత్ర నశించునని వాదించువారు ఈ వీథిని ఒకసారి నడచి చూడవలెను. ఒకనాటి విస్తరణమే నేడు మనము కాపాడదలచిన ప్రాచీన సంపద యైనది. అట్లని నేటి విస్తరణములన్నియు రేపటి సంపద లగునని కాదు. ఆ మండలి కూల్చిన దాని స్థానమున మరియొక వీథీముఖమును నిలిపినది. పిమ్మటి విస్తరణములు పలుచోట్ల కోసిన గోడలను మాత్రమే మిగిల్చినవి.

శాసనముల చరిత్రయు ఇట్టిదే. 1958 నాటి కేంద్ర శాసనము చార్మినారు వంటి కట్టడమును కాపాడును. 2010 సవరణముచే చుట్టు 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతముగను, అటుపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతముగను ఏర్పడినవి. ఆ పరిధికి వెలుపలి వీథులకు 1981 నాటి నగరాభివృద్ధి నియమములలోని 13వ నియమము, 1995లో ప్రకటించిన పట్టిక ఆధారములై యుండెను. 2015లో ఆ నియమము తొలగింపబడినది. 2017లో తెలంగాణ వారసత్వ శాసనము వచ్చినది. కట్టడమునకు గల రక్షణ వీథికి లేకపోవుటయే ఈ చరిత్రలోని లోపము.

1990 తరువాతి దశకములలో రూపొందిన పాదచారి పథకము ననుసరించి చార్మినారు చుట్టును రాతిపలకలు పరచి, మోటారు వాహనములను నిలిపివేసిరి. దీని ఆవశ్యకతను శంకింపజాలము. 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. పొగయు, అదురును సున్నపు పనికి హితములు కావు. అయితే 2019 మే నెలలో ఒక మీనారు నుండి గచ్చుపెళ్ల రాలినపుడు దోషమునంతయు వాహనములపై నెట్టుట తొందరపాటు. నాలుగు వందల యేండ్ల ఎండవానలను లెక్కింపక తీర్పు చెప్పరాదు.

చిక్కంతయు నిలుపుచోటులది. కూడలి నుండి తొలగించిన వాహనము మాయము కాదు, ప్రక్క సందున చేరును. లాడ్‌బజారు గాజుల వర్తకునికి సరకు రావలెను. చార్మినారు ప్రక్కనే యున్న నిజామియా యునానీ వైద్యశాలకు నడువలేని రోగి చేరవలెను. ఢిల్లీలో చాందినీచౌకును 2021లో పాదచారుల వీథిగా తీర్చినపుడు పగటివేళ ఉదయము 9 నుండి రాత్రి 9 వరకు మోటారు వాహనములను నిషేధించి, సైకిలు రిక్షాలకు చోటిచ్చిరి. సంపూర్ణ నిషేధముకంటె ఈ కాలనియమము వర్తక వీథికి తగినదని మేము తలంతుము. నిలుపుచోటులను మాత్రము ప్రాచీన భాగమునకు వెలుపల, నడచి రాదగినంత దూరమున ఏర్పరుపవలెను. పాతబస్తీ నడిబొడ్డున అంతస్తుల మీద అంతస్తులుగా వాహనశాలలు లేపుట వాహనములను లోనికి పిలుచుటయే యగును.

మహాత్మాగాంధీ బస్‌స్టేషను నుండి చాంద్రాయణగుట్ట వరకు తలపెట్టిన మెట్రో రైలు ఈ భారమును కొంత తగ్గింపవచ్చును. కాని 2025 ఆరంభమున ఆ మార్గమున వీథి విస్తరణకై కట్టడముల తొలగింపు మొదలైనది. అచ్చట తొలగిన ముఖముల స్థానమున ఏమి నిలుపుదురో ముందుగా గీసి చూపినవారు పత్థర్‌గట్టి నిర్మాతలవలె పనిచేసినవా రగుదురు. చార్‌కమానుల క్రిందుగా వాహనములు నేటికిని పోవుచున్నవి. వానికి వేరు దారి చూపు పని ఇంకను మిగిలియే యున్నది.