ఎసిటిలీను సిలిండరు
గ్యాసు వెల్డింగు నేర్వవచ్చిన కుర్రవాడు మంటకు వెరచును, సిలిండరుకు వెరవడు. చరిత్ర చూడగా ఈ వెరపు తారుమారైనదని మాకు తోచును. ఆక్సిజనుతో ఎసిటిలీను మండినచో 3000 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే 1895లో తెలిపెను. ఇనుము కరగుటకు 1538 చాలును. కాని ఎసిటిలీను ఒత్తిడికి ఓర్వదు. రెండు వాతావరణముల ఒత్తిడి దాటెనా, గాలి సోకకున్నను ప్రేలవచ్చును. అట్టిదానిని బంధించుటెట్లు? అది ఎసిటోను ద్రవములో విరివిగా కరగునని 1897 నాటికి క్లోడ్, హెస్ కనుగొనిరి. 1903 నాటికి ఫూషే, పికార్‌ల టార్చి వచ్చెను.

మనము బోలుదనుకొను ఎసిటిలీను సిలిండరు నిండ సన్నని రంధ్రములుగల పదార్థము, అందు ఇంకిన ఎసిటోను ఉండును. అందుచేతనే దానిని పండబెట్టి వాడరాదు. ఎసిటోను గొట్టములోనికి పారును. దాని మరచుట్లు ఎడమవైపు తిరుగును, ఆక్సిజనువి కుడివైపు. తొందరలో ఒకదాని గొట్టము మరొకదానికి తగిలింపకుండుటకే ఈ ఏర్పాటు.