జర – ఇంద్రియ నిష్క్రమణం: గోదావరి మండలంలో వార్ధక్య చరిత్ర

జన్మ, మృత్యువు, జర, వ్యాధి అనే నాలుగింటిలోని దుఃఖాన్ని, దోషాన్ని మరల మరల పరికించడం జ్ఞానసాధనలో భాగమని భగవద్గీత పదమూడవ అధ్యాయం బోధిస్తుంది. ఈ నాలుగింటిలో జరకు ఒక ప్రత్యేకత ఉంది. జన్మమూ మృత్యువూ ఒక్కొక్క క్షణంలో సంభవిస్తాయి. వ్యాధి వస్తుంది, తరచుగా పోతుంది. జర మాత్రం సంవత్సరాల తరబడి, కుటుంబసభ్యుల కన్నుల ఎదుటనే, దినదినమూ కొద్దికొద్దిగా ప్రవేశిస్తుంది. అందుచేత అది వృద్ధుని దేహంలో కలిగే మార్పు మాత్రమే కాదు. ఆయన చుట్టూ ఉన్నవారి చూపులో, మాటలో, మర్యాదలో కలిగే మార్పు కూడా. మొదటి మార్పు ప్రకృతిధర్మం. రెండవది మనుష్యులు చేసేది, కనుక మనుష్యులు దిద్దుకోగలిగినది.

ఈ భేదాన్ని గ్రహించడానికి గోదావరి పశ్చిమ డెల్టాయే చక్కని క్షేత్రం. తాడేపల్లిగూడేనికి చేరువలోని పెంటపాడుకు ఒక దిక్కున గోదావరీ తీరస్థమైన రాజమహేంద్రవరం, మరొక దిక్కున కొల్లేటి సమీపంలోని ఏలూరు. ఏలూరుకు అనతిదూరంలోని పెదవేగియే తూర్పు చాళుక్యుల ప్రాచీన రాజధాని వేంగి. ఆ వంశానికి చెందిన రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, 11వ శతాబ్దిలో, నన్నయభట్టారకుడు మహాభారతాన్ని ఆంధ్రీకరించడానికి ఉపక్రమించాడు. ఆయన తెనిగించిన ఆదిపర్వంలోనే యయాతి చరిత్ర ఉంది. ఆ విధంగా వార్ధక్యాన్ని గురించిన గంభీరమైన విచారం ఈ మండలంలో సుమారు వెయ్యేండ్ల క్రితమే తెలుగు మాటలలో వినిపించింది.

శుక్రాచార్యుని శాపం వలన యయాతికి అకాలవార్ధక్యం ప్రాప్తించింది. దానిని మరొకరికి మార్చుకునే వెసులుబాటు లభించగా, ఆయన తన ఐదుగురు కుమారులనూ వరుసగా అర్థించాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరించారు. కథాసారం తెలిసినవారు కూడా ఆ నిరాకరణలలోని హేతువులను అంతగా గమనించరు. తల నెరసి, ఒడలు ముడుతలు పడి, ఏ పనీ చేయలేక, యువకులచేతనూ పరిచారకులచేతనూ తిరస్కారం పొందవలసి వస్తుందని యదువు భయం. బలము, రూపము, బుద్ధి నశిస్తాయని తుర్వసుడు వెనుకాడాడు. గజాశ్వరథాలను అధిరోహించలేననీ, మాట తడబడుతుందనీ ద్రుహ్యుడు తప్పుకున్నాడు. వృద్ధుడు శిశువువలె వేళగాని వేళ భుజిస్తాడు, శౌచం పాటించలేడు, సకాలంలో అగ్నిని ఉపాసించలేడు అని అనువు చెప్పాడు.

ఇవి స్వార్థపరులైన నలుగురు యువకుల సాకులుగా కనబడవచ్చు. కాని పరిశీలించిన కొలదీ ఇది వార్ధక్య లక్షణాల సమగ్రమైన పట్టిక అని తేలుతుంది. కండబలం తగ్గడం, నడక కుంటుపడడం, వాక్కు తడబడడం, జ్ఞాపకం చెదరడం, మలమూత్రాలపై అదుపు సడలడం అన్నీ ఇందులో ఉన్నాయి. వాటితో పాటు మరొక సూక్ష్మమైన అంశమూ ఉంది. యదువు ముడుతలను పేర్కొన్న ఊపులోనే తిరస్కారాన్ని కూడా పేర్కొన్నాడు, అదీ దేహధర్మమే అయినట్లు. ముడుతలు కాలం ఇచ్చినవి. తిరస్కారం ఇరుగుపొరుగు ఇచ్చినది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే ఆనాటి యదువుకూ ఈనాటి గృహస్థునకూ సామాన్యమైన భ్రాంతి.

నన్నయ అనంతరం భారతాన్ని విరాటపర్వం నుండి చివరి వరకు తెనిగించిన తిక్కన సోమయాజి ద్వారా మరొక వృద్ధుని చరిత్ర తెలుగువారికి చేరింది. అది ఆశ్రమవాసపర్వంలోని ధృతరాష్ట్రుని కథ. యుద్ధానంతరం ఆయన ధర్మరాజు నీడలో పదిహేనేండ్లు గడిపాడు. వృద్ధరాజునకు ఏ లోటూ రాకూడదని ధర్మరాజు శాసనం. భోజనం, వస్త్రాలు, గౌరవం యథావిధిగా అందుతూనే ఉన్నాయి. అయితే భీముడు అన్న వినని సమయాలలో ఆ వృద్ధుని చెవిన పడేటట్లు పరుషవాక్యాలు పలుకుతుండేవాడు. చివరకు వనవాసానికి అనుజ్ఞ కోరే సందర్భంలో ధృతరాష్ట్రుడు ఒక రహస్యాన్ని బయటపెట్టాడు. ఆయన చాలాకాలంగా అల్పాహారంతో, నేలపై దర్భాసనం మీద శయనిస్తూ, ఒక్క గాంధారికి తప్ప ఎవరికీ తెలియకుండా జీవిస్తున్నాడు. ఆ సంగతి విన్న ధర్మరాజు తన ఇంటిలోనే ఇంత జరిగినా గ్రహించలేకపోయానని తల్లడిల్లాడు.

ధర్మరాజు వంటి పుత్రుడు ఉన్న ఇంట కూడా వృద్ధుడు ఆకలితో ఉండగలడని ఈ కథ చెబుతోంది. అక్కడ లోపించినది అన్నం కాదు. తన ఉనికి ఎవరికీ భారం కాదన్న నిశ్చింత లోపించింది. వృద్ధాప్యంలో రుచి, ఘ్రాణము మందగించి ఆకలి తగ్గడం సహజమే. కాని విస్తరిలో మిగిలిన అన్నం ప్రతిసారీ జఠరాగ్ని మాంద్యాన్నే సూచించదు. కొన్నిసార్లు అది ఎవరో పలికిన ఒక మాటకు సమాధానం.

ఇంతకూ జరలో జరుగుతున్నది ఏమిటి? ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయంలోని ప్రాణేంద్రియ వివాదం దీనికి తాత్త్వికమైన సమాధానం ఇస్తుంది. తమలో ఎవరు శ్రేష్ఠులని ఇంద్రియాలు వాదులాడుకుని ప్రజాపతి వద్దకు వెళ్ళాయి. ఎవరు వెడలిపోతే దేహం అత్యంత హీనంగా కనబడుతుందో వారే శ్రేష్ఠులని ఆయన నిర్ణయం. వాక్కు ఒక సంవత్సరం వెడలిపోయింది, దేహం మూగవానివలె జీవించింది. చక్షువు వెడలిపోయింది, అంధునివలె జీవించింది. శ్రోత్రం వెడలిపోయింది, బధిరునివలె జీవించింది. మనస్సు వెడలిపోయింది, శిశువువలె జీవించింది. ప్రాణం కదలబోగానే మాత్రం సర్వేంద్రియాలూ కూకటివేళ్ళతో పెకలింపబడినట్లు చలించి, దాని శ్రేష్ఠత్వాన్ని అంగీకరించాయి.

వార్ధక్యం ఈ ఉపాఖ్యానానికి ప్రత్యక్ష వ్యాఖ్యానం. ఉపనిషత్తులో ఇంద్రియాలు సంవత్సరం గడిచాక తిరిగివచ్చాయి. వృద్ధుని ఇంట అవి ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటాయి. అయినా జీవుడు అక్కడే ఉన్నాడు. ఇంద్రియం వెళ్ళినంత మాత్రాన మనిషి వెళ్ళిపోలేదు. ఆ ఉపనిషత్తులోనే ఎనిమిదవ అధ్యాయంలో ఇంద్రుడూ విరోచనుడూ ఆత్మజ్ఞానార్థులై ప్రజాపతిని ఆశ్రయిస్తారు. నీటిలో కనబడే దేహమే ఆత్మ అని తలచి విరోచనుడు తృప్తుడై వెళ్ళిపోయాడు. దేహం అంధమైతే ఆ ఆత్మ కూడా అంధం కావాలి కదా అని సంశయించి ఇంద్రుడు మార్గమధ్యం నుండి వెనుదిరిగాడు. చూపు పోయిన తల్లిని, వినికిడి పోయిన తండ్రిని ఇంటి నిర్ణయాల నుండి తొలగించే కుటుంబం తెలియకుండానే విరోచనుని మతాన్ని అవలంబిస్తోంది.

చక్షువు నిష్క్రమణాన్ని మన పూర్వులు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోలేదు. అష్టాంగ ఆయుర్వేదంలో జరాచికిత్స ఒక ప్రత్యేకాంగం. కంఠానికి పై భాగంలోని అవయవాల చికిత్స మరొక అంగం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో, కంటి శుక్లాన్ని శలాకతో ప్రక్కకు తొలగించే శస్త్రకర్మ వర్ణింపబడింది. కంటికటకంలోని మాంసకృత్తులు వయస్సుతో మసకబారడమే శుక్లానికి మూలం. శస్త్రకారులు చిరకాలం ఆ కటకాన్ని తప్పించడం లేదా తీసివేయడం వరకే చేయగలిగారు. అందుకే ఒక తరం వృద్ధులు ఆపరేషన్ అనంతరం దళసరి సోడాబుడ్డి అద్దాలతో జీవించారు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు కృత్రిమ కటకాన్ని కంటిలోనే అమర్చి కొత్త మార్గం తెరిచాడు. భారతదేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ఆరంభమైంది.

ఈ చరిత్రలో ఏలూరు ప్రాంతానికి రెండు విధాల సంబంధం ఉంది. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో జన్మించిన చలనచిత్ర దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళం ఆలంబనగా, వైద్యులు గుళ్ళపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వెలసింది. ఆ సంస్థ 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి అధ్యయనాన్ని నిర్వహించింది. హైదరాబాదు నగరంతో పాటు మూడు గ్రామీణ జిల్లాలను అందుకు ఎన్నుకున్నారు. వాటిలో పశ్చిమ గోదావరి ఒకటి. మొత్తం 10,293 మందిని పరీక్షించగా, అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు. మరో 16.3 శాతానికి కారణం కళ్ళద్దాలతో సరిచేయదగిన దృష్టిదోషాలు. అనగా అంధులలో ప్రతి ఐదుగురిలో ముగ్గురు తప్పనిసరిగా అంధులు కావలసినవారు కారు. వయస్సు పెరిగినవారిలో, పేదలలో, స్త్రీలలో, గ్రామవాసులలో అంధత్వం అధికంగా ఉందని కూడా ఆ అధ్యయనం నిరూపించింది.

ఈ చివరి వాక్యాన్ని సాధకులు నిలిచి చదవాలి. శుక్లం ధనికుని కంటిలోనూ పేదవాని కంటిలోనూ ఒకే విధంగా ఏర్పడుతుంది. కాని పేద వృద్ధురాలి కంటిలో అది ఎక్కువ కాలం నిలిచిపోతుంది. ముసలితనంలో చూపు పోవడం మామూలే అన్న మాట వేదాంతంవలె ధ్వనిస్తుంది. వాస్తవానికి అది చాలాచోట్ల ఆసుపత్రికి తీసుకువెళ్ళే మనిషి లేకపోవడానికి మరొక పేరు. తొలగించదగిన దుఃఖాన్ని ప్రారబ్ధమని ఇతరులకు బోధించడం వైరాగ్యం కాదు.

శ్రోత్రం కథ ఇంకొక రీతిది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మరోమకణాలు ఒకసారి నశిస్తే మనుష్యులలో తిరిగి పుట్టవు. మొదట వినిపించకుండా పోయేవి హెచ్చు స్థాయి ధ్వనులు. పసిపిల్లల కంఠాలు, స, శ, త వంటి హల్లుల స్పష్టత వాటితోనే పోతాయి. కనుక ఎవరో మాట్లాడుతున్నారని వృద్ధునికి తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నారో తెలియదు. తనను గురించే అనుకుంటున్నారన్న శంక అక్కడ మొలకెత్తుతుంది. అంధుని చూసి లోకం జాలి పడుతుంది, బధిరుని చూసి విసుక్కుంటుంది. చెవిటివాని ముందు శంఖమూదినట్లు అనే లోకోక్తిలో ఆ విసుగే ఘనీభవించింది. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేటట్లు, నిదానంగా ఒక్కరే మాట్లాడితే చాలా వరకు అర్థమవుతుంది. వినికిడి యంత్రం మరికొంత సహాయపడుతుంది. కావలసినది ముఖ్యంగా ఓర్పు.

త్వగింద్రియానిది మరీ విచిత్రమైన గాథ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి జలాలు కాలువల ద్వారా ఈ మండలాన్ని వరిసీమగా మార్చాయి. నాట్లు, కలుపు, కోతలలో దశాబ్దాలపాటు బురదనీటిలో, దుబ్బుల మధ్య పనిచేసిన చేతుల వేలిరేఖలు అరిగిపోతాయి. వయస్సుతో చర్మం పలుచబడి అవి మరింత అస్పష్టమవుతాయి. నేడు వృద్ధాప్య పింఛను అందుకోవడానికి వేలిముద్రయే ప్రధానమైన గుర్తింపు. యంత్రం గుర్తించనప్పుడు కనుపాపను, ముఖాన్ని పరీక్షించవలసి వస్తోంది. జీవితమంతా లోకానికి అన్నం పెట్టిన చేయి, తాను తానేనని నిరూపించుకోలేని స్థితి అది. అయినప్పటికీ ఆ మనిషి ఆ మనిషే. దేహచిహ్నాలు చెరిగినా దేహి చెరగడని చెప్పడానికి ఇంతకు మించిన దృష్టాంతం అవసరం లేదు.

సమాజం తన బాధ్యతను శాసనరూపంలోనూ అంగీకరించింది. కేంద్ర ప్రభుత్వపు జాతీయ వృద్ధాప్య పింఛను పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆస్తిని తమ సంరక్షణ షరతుపై పిల్లలకు వ్రాసి ఇచ్చి నిరాదరణకు గురైన వృద్ధులు, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఈ ఏర్పాట్లు అవసరమైనవే. చేతిలో సొంత పైకం ఉన్న అవ్వకు ఇంట మాట చెల్లుబడి కావడం లోకవిదితం. అయితే చట్టం అన్నం పెట్టించగలదు, ప్రక్కన కూర్చోబెట్టలేదు. ధర్మరాజు ఇంట లోపించినది చట్టం కాదు.

చివరగా మనస్సు నిష్క్రమించే దశ. ఉపనిషత్తు దానిని శైశవంతో పోల్చింది, అనువు కూడా అదే ఉపమానాన్ని వాడాడు. ఒకే పోలిక, రెండు దృష్టులు. అనువుకు అది జుగుప్స కలిగించింది. ఉపనిషత్తు దానిని ప్రాణం నిలిచి ఉన్నదనడానికి సాక్ష్యంగా చూపింది. పేర్లు మరచి, తన ఇంటినే తన ఇల్లు కాదనే వృద్ధురాలిని ఏ దృష్టితో చూడాలన్నది ప్రతి కుటుంబం స్వయంగా తేల్చుకోవలసిన ప్రశ్న. శిశువు మాట తప్పినా, అన్నం ఒలకబోసినా ఎవరూ అవమానించరు. శిశువుకు ఇచ్చే ఆ క్షమ వృద్ధులకు ఇవ్వలేకపోవడానికి శాస్త్రంలో ఆధారం ఏదీ లేదు.

యయాతి కుమారులలో కనిష్ఠుడైన పూరువు తండ్రి జరను స్వీకరించాడు. అందుకే జ్యేష్ఠులను కాదని రాజ్యం అతనికి దక్కింది. ఇతరుల జరను తన దేహంపైకి తెచ్చుకునే వరం ఈ కాలంలో ఎవరికీ లేదు. వృద్ధుని కన్ను తాను కావడం, చెవి తాను కావడం, అడుగు తడబడినప్పుడు చేతికర్ర తాను కావడం మాత్రం ఎవరికైనా సాధ్యం. ఇంద్రియాలు వెడలిపోయిన ఇంటిలో ఇంకా వెలుగుతున్న ప్రాణానికి చేసే ఆ పరిచర్య ఉపాసనతో సమానం. జర తొలగదు. దానితో వచ్చే తిరస్కారం తొలగుతుంది.