రాగిరేకుపై చెక్కిన అక్షరము

అక్షరమనగా నశింపనిదని వ్యుత్పత్తి. అక్షరము నశింపకపోవచ్చును గాని, అది వ్రాయబడిన వస్తువు నశించుట మనమెరుగనిది కాదు. తాటాకును చెదలు తినును. కాగితము వానకారుకు మెత్తబడి పురుగులకు ఇరవగును. రాతికి ఆయుర్దాయము మెండే గాని అది ఉన్నచోటు కదలదు. పొలము దానముగా పొందినవాడు, హద్దు తగవు వచ్చినపుడు, గుడి ముందరి శాసనస్తంభమును భుజముపై వేసికొని ధర్మాసనము కడకు పోజాలడు గదా! చేతికి ఇముడవలెను, పెట్టెలో దాగవలెను, తడికి తాళవలెను, పది తరములు నిలువవలెను. ఇన్నింటికిని తగినదిగా మన పూర్వులు ఎంచుకొన్నది రాగిరేకు.

ఇది కేవలము వాడుకగా వచ్చిన ఏర్పాటు కాదు, శాస్త్రవిహితము కూడ. రాజు భూదానము చేసినచో, రాబోవు రాజులకు తెలియుటకై దానిని వస్త్రముపై గాని తామ్రపటముపై గాని వ్రాయించి, పైన తన ముద్ర వేయించి, తన పూర్వుల పేళ్లను, దానము యొక్క పరిమాణమును, ఎల్లలను, కాలమును, తన చేవ్రాలును చేర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయము విధించుచున్నది. నేటి దస్తావేజులో మనము చూచు అంగములన్నియు ఇందు కలవు. వస్త్రములు కాలమున కలిసిపోయినవి, రేకులు మిగిలినవి.

తెలుగుదేశమున దొరికిన తొలినాటి రేకులలో నరసరావుపేట ప్రాంతమునందలి మైదవోలు శాసనమొకటి. పల్లవ శివస్కందవర్మ యువరాజుగా నుండగా, క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో, కంచి నుండి ధాన్యకటకమునందలి తన అధికారికి పంపిన ఆజ్ఞ అది. ఆంధ్రాపథమునందలి విరిపర గ్రామమును ఇరువురు బ్రాహ్మణులకిచ్చినట్లు ప్రాకృత భాషలో వ్రాయబడినది. పిమ్మట వేంగీ చాళుక్యుల కాలము వచ్చుసరికి ఈ రేకులకొక స్థిరమైన రూపము ఏర్పడినది. మూడో అయిదో రేకులు, సుమారు జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. అక్షరములు ఒరయక యుండుటకై అంచులు కొంచెము పైకి లేపియుండును. మొదటి రేకు పైవైపును, కడపటి రేకు వెలుపలివైపును తరచుగా ఖాళీగా విడుతురు. ఎడమవైపు రంధ్రములో నుండి ఒక కడియము దూర్చి, దాని కొనలను ముద్రలో కూర్చి బిగింతురు. ఆ ముద్రపై వరాహము, చంద్రుడు, అంకుశము, పద్మము, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదాక్షరములు. కడియము కోయనిదే రేకు చేర్చుటకు గాని తీయుటకు గాని వీలుండదు. ఈనాటి రిజిస్ట్రారు కచేరీలో పేజీ పేజీకి వేయు మొహరు చేయు పనినే ఆనాడు ఆ కడియము చేసెను.

గ్రామ లెక్కలు వ్రాయువాడను గనుక, శాసనములలోని ప్రశస్తి శ్లోకములకంటె ఎల్లల పట్టికయే నాకు ఎక్కువ రుచించునని చెప్పుకొనుటకు సందేహింపను. రాజవంశ వర్ణనమంతయు సంస్కృతమున గంభీరముగా నడచి, పొలిమేర దగ్గరకు వచ్చుసరికి చాల శాసనములలో తెలుగు తొంగిచూచును. గుంట, పుట్ట, చింత, ఏరు, గట్టు ఇవి సంస్కృతీకరించినచో తగవు తీరదు. ఆ ఊరివాడు ఏ పేరుతో పిలుచునో ఆ పేరే వ్రాయవలెను. మన భాషలోని పురాతన పదములెన్నో ఈ హద్దురాళ్ల నడుమనే భద్రముగా నిలిచినవి.

రాజరాజ నరేంద్రుని నందంపూడి శాసనము తెలుగువారందరికిని తెలిసినదే. పదునొకండవ శతాబ్ది నడుమ, ‘రెండేరుల నడిమి విషయము’న, అనగా నేటి కోనసీమలో, నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగా ఇచ్చిన సందర్భమది. భారతరచనలో నన్నయకు తోడ్పడినవాడు ఈ నారాయణభట్టే. శాసనము రచించినవాడు నన్నయభట్టు. వ్రాసినవాడు గండాచార్యుడు. అదే రాజు కోరుమెల్లి శాసనమును చేతనభట్టు రచింపగా దానిని వ్రాసినవాడును గండాచార్యుడే. దానకర్తను ఎరుగుదుము, ప్రతిగ్రహీతను ఎరుగుదుము, కవిని పాఠశాల పిల్లవాడును ఎరుగును. గండాచార్యుని పేరు అడిగినచో పండితులు సైతము ఒక క్షణము తడబడుదురు. కాని నన్నయ వాక్కు వేయేండ్లు గడచి మన కంటికి వచ్చినది ఆ చేతి మీదుగానే గదా!

ఆ చేయి చేసిన పని ఎట్టిదో కొంచెము విచారింతము. రాగిని కాచి, సుత్తితో సాగగొట్టి రేకు చేయుదురు. దెబ్బలు తినుకొలదిని రాగి గట్టిపడును. మరల ఎర్రగా కాచి చల్లార్చిననే మెత్తబడును. మెత్తని రాగిపై ఉలి సులువుగా దిగును గాని లోహము జిగటగా పట్టుకొనును. ఇత్తడి గట్టిదైనను గీత తేటగా వచ్చును. ఉలి మరీ నిలువుగా పట్టినచో లోపలికి గ్రుచ్చుకొని నిలిచిపోవును; మరీ పండబెట్టినచో జారి అక్షరము మీదుగా గీటుపడును. ఈ రెండింటి నడుమ ఉన్న వాలు చేతికి అలవడుటయే విద్య. నేర్చుకొనువాడు పనికిరాని ముక్కలపై ముందుగా సరళరేఖలు ఒకదాని ప్రక్కనొకటి సమానమైన లోతున గీయవలెను. పిమ్మట వంపులు. వంపు వచ్చినపుడు చేయి త్రిప్పరు, రేకును త్రిప్పుదురు. అందుకే చిన్న వస్తువును లక్కలో అమర్చియో, మెత్తని దిండుపై నుంచియో పని చేయుదురు. మన లిపి అంతయు గుండ్రనిది కావున, తెచ్చుపెచ్చు లేక సున్న చెక్కగలవాడు తెలుగు సగము నేర్చినవాడే. తాటాకుపై గంటము అడ్డముగా లాగినచో ఆకు చీలును గనుక మన అక్షరములు గుండ్రబడినవని పెద్దలు చెప్పుదురు. తాటాకునకు అనుకూలించిన ఆ గుండ్రదనమే రాగిపై పనివానికి పరీక్షయైనది!

శాసన పరిశోధకులు రేకులను భూతద్దముతో చూచినపుడు అక్షరము లోపల పనిముట్టు నడచిన జాడలు కనబడుచుండునని వ్రాసిరి. అనగా గీత ఒక్క ఊపున వచ్చినది కాదు, చిన్న చిన్న అడుగులుగా నడచినది. కొన్ని పలుచని రేకులలో ఉలి లోతుగా దిగి అక్షరముల జాడ వెనుకవైపునకు పొడచూపును. తప్పు పడినచోట ఆ అక్షరమును సుత్తితో అణచి, దానిపైననే సరియైన అక్షరమును చెక్కిరి. పాతది క్రింద మసకగా కనబడుచునే యుండును. విడిచిన అక్షరమును పంక్తి క్రింద ఇరికించిన చోట్లును కలవు. పుట్టి అనవలసిన చోట తూమని పడినచో ఒక కుటుంబము కూడు పోవును. ఈ దిద్దుబాటులను చూచి పనివాడు అజాగ్రత్తపరుడని కొందరు విద్వాంసులు వ్రాయుదురు. చదివి సరిచూచుకొన్నవాడు గనుకనే దిద్దెనని నాకు తోచును.

అవసరమునకు మించిన అందమును గూర్చియు ఒక మాట. విదర్భనేలిన వాకాటకుల రేకులలో ప్రతి అక్షరము తలపై చిన్న చతురస్రపు పెట్టె వంటిది ఉండును. కొన్నింట ఆ పెట్టె లోపలి లోహమును తొలిచివేసి గుంట చేసిరి. చదువుటకు అది అక్కరలేదు. ఒక్కొక్క అక్షరమునకు నాలుగు గీతలు అదనముగా చెక్కుట అలంకారమునకు గాక మరెందులకు? మన తెలుగు తలకట్టు సైతము ప్రాచీనలిపిలో అక్షరము తలపైనుండిన చిన్న గీత క్రమముగా మారి ఏర్పడినదే.

విజయనగర రాజుల కాలమున చెక్కువానికి గౌరవము హెచ్చినట్లు కనబడును. అప్పటి రేకులు శిరస్సున గుండ్రముగా, పైభాగమున కడియపు రంధ్రముతో నుండును. శాసనపాఠము నందినాగర లిపిలో నడచి, చివర రాజముద్రగా ‘శ్రీ విరూపాక్ష’ యని మాత్రము తెలుగు కన్నడముల ఉమ్మడి లిపిలో పెద్ద అక్షరములతో చెక్కబడియుండును. కృష్ణరాయ, అచ్యుతరాయల శాసనములలో మల్లణ కుమారుడైన వీరణాచార్యుడు చెక్కెనని, సదాశివరాయల కాలమున వీరణ కుమారుడైన వీరణాచార్యుడు చెక్కెనని ఉన్నది. ఆ పేరునకు ముందు ‘త్వష్ట’ యను మాట చేర్తురు. వేదమున ఇంద్రునికి వజ్రాయుధము చేసియిచ్చిన దేవశిల్పి త్వష్ట. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను విశ్వకర్మ పంచకములో కంచరి వారి మూలపురుషుడును ఆయనయే. పనివానిని దేవత పేరుతో పిలిచి, రాజుతోను కవితోను కూడ ఒకే శాసనమున నిలిపిన ఆ మర్యాద మెచ్చదగినది.

భూమి కొరకు గాక పాట కొరకు రాగిని చెక్కించిన ఘనత తాళ్లపాక వారిది. అన్నమాచార్యులు 1503లో పరమపదించిన పిమ్మట, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు ప్రధానముగా పూనుకొని సంకీర్తనలను రేకులకెక్కించి, తిరుమల ఆలయములో సంకీర్తన భాండాగారమను చిన్న రాతిగదిలో భద్రపరచెను. రేకునకు సాధారణముగా ఆరేసి కీర్తనలు. ప్రతి కీర్తనకును రాగము పేరు. రేకులు సుమారు 2,500. కీర్తనలు పదివేలకు మించినవి. ఎన్ని చేతులు, ఎన్ని సంవత్సరములు పనిచేసియుండవలెనో ఊహించుకొనుడు. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన కాంబెల్ దొర ఈ రేకుల సంగతి విని, పరిశీలించుటకై ఒక మనిషిని పంపెను. ఒక వ్యాకరణ గ్రంథము తప్ప తక్కినవన్నియు దేవునిపై స్తోత్రములేనని తేలుటచే వానిని విడిచిపెట్టినట్లు ఆయనయే వ్రాసెను. ఒక శతాబ్దికి పైగా అవి చీకటిలోనే యుండినవి. పిదప సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారల వంటి మహనీయులు చదివి పరిష్కరించిరి. పాటలోని రాగము పేరు మిగిలినదే గాని ఆనాటి వరుస మిగులలేదు. ఉలి చెక్కగలిగినది అంతవరకే.

రాగికి ఒక దుర్గుణము కలదు: దానికి వెల ఉన్నది. రాయిని ఎవరును కరగింపరు, రాగిని కరగింతురు. పొలము దున్నునపుడు బయటపడిన రేకులను బిందెగా మార్చుకొనుటకు కంచరి ఇంటికి పంపినవారు ఉండిరనుటలో ఆశ్చర్యము లేదు. బంగారు నిధికి గుర్తులు వ్రాసియున్నవని దాచి పాడుచేయువారును కలరు. అట్టివాటిలో నిధి ఉండదు. ఊరి పేరును పొలిమేరయు ఉండును. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరికి పది రూపాయలకు మించిన విలువ గల వస్తువును గూర్చి కలెక్టరునకు తెలుపవలెను. దొరికిన రేకును చింతపండుతో, ఇటుకపొడితో తోమరాదు. తోమినకొలదిని అక్షరము అంచు అరిగిపోవును. కూటశాసనములు పుట్టించినవానికి మనువు మరణదండనము విధించెను. అయినను దొంగ శాసనములు లేకపోలేదు. లిపి ఒక శతాబ్దిదై, తిథి మరియొక శతాబ్దిదైనపుడు, చెప్పిన నాడు చెప్పిన గ్రహణము లేనపుడు అవి పట్టుబడును.

గ్రంథాలయమును గూర్చిన సంచికలో అచ్చు మాట రాకున్న బాగుండదు. 1746, 1747 ప్రాంతమున షుల్జ్ అను మతబోధకుడు జర్మనీ దేశమునందలి హాలే పట్టణమున తెలుగు అక్షరములతో పుస్తకములు అచ్చువేయించెను. బెంగాలులోని శ్రీరామపురమున 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణము వెలువడినది. అచ్చక్షరము పుట్టుట ఎట్లనగా, ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును తలక్రిందులు గాక, అద్దములో వలె ఎదురుగా చెక్కుదురు. ఆ కడ్డీని రాగి ముక్కపై కొట్టినచో సరియైన అక్షరము గుంటగా పడును. ఆ రాగి మాతృకలో సీసపు మిశ్రమము పోసి అక్షరములు పోతపోయుదురు. ఇచ్చటను రాగియే, ఇచ్చటను చెక్కువాని చేయియే! కంప్యూటరు అక్షరములు వచ్చిన పిదప ఆ పోత అక్షరములు ముద్రణాలయములనుండి తొలగినవి. మన బీరువాలలోని పాత పుస్తకములను వ్రేలితో తడిమి చూచినచో అక్షరము కాగితమున దిగిన గుర్తు నేటికిని తెలియును.

ఇక మన ఇండ్లలోని సంగతి. బిడ్డకు సారెలో పెట్టిన బిందెపైన, గంగాళముపైన, మరచెంబుపైన పేరు కొట్టించుట మనకు అలవాటు. చిన్న ఉలితో గాని, మొనగల సలాకతో చుక్కలు చుక్కలుగా గాని, పేరు, ఇంటిపేరు, ఒక్కొక్కపుడు ఇచ్చినవారి పేరు, సంవత్సరము చెక్కుదురు. పూర్వపు పట్టాలలోను అడంగళ్లలోను మగవారి పేళ్లే హెచ్చు. మన అవ్వల పేళ్లు, వారు పుట్టిన ఊళ్ల పేళ్లు ఎక్కడనైనను వ్రాతమూలముగా ఉన్నచో అది చాలవరకు ఈ ఇత్తడిపైననే. ఇప్పుడు ఉక్కు గిన్నెలపై విద్యుత్తుతో కదలు సూదితో అంగడివాడు నిమిషములో పేరు వ్రాసి యిచ్చుచున్నాడు. ఇత్తడి బిందెలు తూకమునకు పోవుచున్నవి. అమ్మవలదని అనుటకు నాకు అధికారము లేదు. అమ్మదలచినవారు ముందుగా ఆ అక్షరములపై పలుచని కాగితము పరచి, పెన్సిలును పండబెట్టి మెల్లగా రుద్దినచో పేరు తెల్లగా కాగితముపై తేలును. అట్టి నకలు, పాత్ర పేరు, అది ఏ యింటినుండి ఏ యింటికి వచ్చినదో రెండు పంక్తులు వ్రాసి గ్రంథాలయమునకు ఇచ్చినచో, అందుకొరకై ఒక పెద్ద పుస్తకము కుట్టించి వరుసగా అంటించి యుంచుటకు నేను సిద్ధముగా ఉన్నాను.