ప్రళయంలో అద్దె అడిగేవాళ్లుండరు

కలికాలం దాపురిస్తుంది. ప్రళయం ముంచుకొస్తుంది. ఈ రెండు క్రియలు తారుమారు చేసి చూడండి, నోరు తిరగదు. ముంచుకొచ్చినదానితో కథ ముగుస్తుంది. దాపురించినదానితో మాత్రం కాపురం చెయ్యాలి.

ఇంగ్లీషులో డిస్టోపియా, అపోకలిప్స్ అనేవి ఇంచుమించు ఇవే. మొదటిది చెడ్డ చోటు. 1868లో ఐర్లండ్ వ్యవహారంపై బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ జాన్ స్టువర్ట్ మిల్ ప్రభుత్వం వారిని డిస్టోపియన్లన్నాడు. రెండోది గ్రీకు మాట, ముసుగు తొలగడమని అర్థం. అందులో ధ్వంసం లేదు, అది తర్వాత వచ్చి చేరింది.

మన 'ప్రళయం'లో ఉన్నది లయం, అంటే కలిసిపోవడం, కరిగిపోవడం. తాళంతో నడిచే లయ కూడా ఆ 'లీ' ధాతువు బిడ్డే. అందుకే మన ప్రళయ చిత్రంలో శిథిలాలుండవు. అంతటా నీళ్లు, ఒక మర్రాకు, దానిమీద పసివాడు. ఆ నీళ్లమీద ఆఫీసు తెరిచేవాళ్లు లేరు, క్యూలో నిలబడేవాళ్లూ లేరు.

కలికాలానికి ఇవన్నీ ఉండి తీరాలి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూడండి. భూమ్మీద మిగిలిన ఆఖరి నగరం కాశీ. అంత పాడుకాలంలోనూ కథానాయకుడు భైరవ ఇంటి ఓనరుకు అద్దె బాకీ! ఆ ఓనరు బ్రహ్మానందం. కలిగినవాళ్లుండే కాంప్లెక్సులో అడుగుపెట్టాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి. ప్రపంచం పాడయిందనడానికి ఎండిన నదికన్నా ఆ బాకీయే నాకు గట్టి సాక్ష్యం. వసూళ్లు ఆగలేదంటే అది ప్రళయం కాదు, అచ్చమైన కలికాలం.

ఈ రెంటినీ కలిపేసిన మాట 'యుగాంతం'. 2012 డిసెంబరు 21న మాయన్ పంచాంగం పేరు చెప్పి టీవీలవాళ్లు దాన్ని సర్వనాశనంగా మార్చేశారు. నాకిది బాధగానే ఉంటుంది. పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్లు. బ్రహ్మకు పగలు ముగిసి వచ్చే ప్రళయానికి గడువు 432 కోట్ల ఏళ్లు, అంటే సరిగ్గా పదివేల రెట్లు. కలి ముగిస్తే లోకం మునగదు, కృతయుగం మొదలవుతుంది. 'యుగాది' నుంచే కదా మనకు ఉగాది వచ్చింది. ఆ లెక్కన యుగాంతం మర్నాడు చేసుకోవలసింది వేపపువ్వు పచ్చడి.