నీవు – మీరు: తెలుగునాట మన్నన నడచిన బాట

నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దల సామెత. ఒక ఊరి మంచిచెడ్డలు తెలిసికొనగోరువారు అచటి గుడిగోపురములను, చెరువుగట్లను చూచినంత మాత్రమున చాలదు. రచ్చబండ కడ కొంతసేపు నిలిచి, ఆ ఊరివారు ఒకరినొకరు ఏమని పిలుచుకొనుచున్నారో వినవలెను. ఎవరు ఎవరిని 'నీవు' అనుచున్నారు, ఎవరిని 'మీరు' అనుచున్నారు, ఎవరి పేరు చివర 'గారు' చేరుచున్నది, ఎవరి పేరు చివర 'గాడు' చేరుచున్నది – ఇవి తెలిసినచో ఆ ఊరిలో భూమి యెవరిదో, చదువెవరిదో, చాకిరి యెవరిదో చాలవరకు తెలిసిపోవును. పిలుపు చిన్నమాటయే గాని, అందు ఒక జాతి చరిత్ర యిమిడియున్నది.

మన పూర్వులకు ఒక్కరిని 'మీరు' అని పిలుచు అలవాటు మొదటినుండి ఉన్నట్లు కానరాదు. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనములలో ముఖ్యమైనది కడప సీమలోని కలమళ్ళ శాసనము. అది క్రీ. శ. 575 ప్రాంతమునాటిది. రేనాటిని ఏలిన ధనంజయుని పేరు అందు ఏకవచనముననే చెక్కబడియున్నది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు భారతము నాంధ్రీకరించినప్పుడు కూడ రాజును సంబోధించినది ఏకవచనముననే. ఆయన తరువాతి కవులును ఆ మార్గమునే అనుసరించిరి. సంస్కృత కావ్యమర్యాదయు అట్టిదే. దేవతలను, రాజులను, ఋషులను 'త్వమ్' అనుట అందు తప్పుకాదు. మన్నన వలసినచోట 'భవాన్' అని ప్రథమపురుష క్రియతో మాటలాడుదురు. కావ్యలోకమున 'నీవు' అనునది అగౌరవమన్న భావనయే లేదు.

అయితే కవి నడచిన బాట ఒకటి, లేఖకుడు నడచిన బాట వేరొకటి. కాకతీయుల కాలపు శాసనములలో 'గణపతిదేవ మహారాజులు' అని ఒక్క రాజునకే బహువచనము కనబడును. విజయనగర కాలము వచ్చునప్పటికి ఈ పద్ధతి స్థిరపడినది. 'మహారాయలు' అని వ్రాసినను చాలక, సామంతులకు 'మహారాజులుంగారు' అని 'గారు'ను కూడ చేర్చిరి. 1509 మొదలు 1529 వరకు పాలించిన కృష్ణదేవరాయలను మనము నేటికిని 'రాయలు' అనుచున్నాము. 'రాయ' శబ్దమునకు బహువచనమే అది. ఒక్క ప్రభువునే శాసనము బహువచనమున పేర్కొనగా, ఆయనకు మనుచరిత్రము నంకితమిచ్చిన పెద్దన మాత్రము ఏకవచనమున పిలిచెను. ఒకటి కొలువు మర్యాద, ఇంకొకటి కవి మర్యాద. రెండును ఒకే సభలో ఇమిడినవి.

కొలువులో పుట్టిన బహువచనము క్రమముగా వీధిలోనికి వచ్చినది. పంతులు, శాస్త్రులు, ఆచార్యులు, దీక్షితులు – ఇవన్నియు రూపమున బహువచనములే. ఒక్క వ్యక్తికి చెల్లుచున్నవి. ప్రతాపరుద్రుడు డుమంతుడై నిలిచిపోగా, రాయలు లువర్ణముతో నిలిచెను. ఇట్లు మన పేర్ల చివరి అక్షరములే మన్ననయొక్క చరిత్రను మోయుచున్నవి.

తరువాతి కాలమున జాబులలో ఈ మర్యాద పరాకాష్ఠ నందుకొన్నది. చదువుకొన్న గృహస్థునకు వ్రాయునప్పుడు 'మ.రా.రా.శ్రీ', అనగా మహారాజరాజశ్రీ, అని మొదలుపెట్టి 'గారికి' అని ముగింపవలెను. మద్రాసు రాజధానిలోని సర్కారు కాగితములలో సైతము ఈ సంకేతము ఇంగ్లీషు అక్షరములలో చెల్లుచుండెను. వేదపండితునకు 'బ్ర.శ్రీ.వే.', చిన్నవారికి 'చి.', ముత్తయిదువకు 'ల.సౌ.', భర్త చనిపోయిన స్త్రీకి 'గం.భా.' – ఇట్లు పేరు చదువకముందే ఆ మనిషి వయస్సు, కులము, ఐదవతనము తెలిసిపోవు ఏర్పాటు. ఈ పట్టికలో కూలివానికి ఏ సంకేతమును లేదు. ఏలయన వానికి జాబు వ్రాయువారే లేరు.

సంభాషణలోని మెట్లు ఇంకను సూక్ష్మమైనవి. వాడు, అతడు, ఆయన, వారు – ఇవి పురుషునికి నాలుగు మెట్లు. స్త్రీకి అది, ఆమె, ఆవిడ, వారు. ఇందు ఒక విశేషము గమనింపదగినది. ఏకవచనమున పురుషుడు 'వచ్చినాడు' కాగా, స్త్రీ 'వచ్చినది'. ఆవు వచ్చినను 'వచ్చినది'యే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఈ భేదమునే మహత్తు, మహతి, అమహత్తు అను సంజ్ఞలతో నిరూపించెను. కాని బహువచనమునకు వచ్చుసరికి ఆడువారును మగవారును ఒకే తీరున 'వచ్చినారు'. కావున 'ఆవిడ వచ్చినారు' అని మన్నించి చెప్పినప్పుడు స్త్రీకి గౌరవముతోపాటు పురుషునితో సమానమైన క్రియ కూడ లభించుచున్నది. మన్నన వ్యాకరణములోని అంతరమును కూడ పూడ్చగలదనుటకు ఇది నిదర్శనము.

పిలుపు లేకపోవుట పిలుపులోని వేరొక లోపము. భార్య భర్తపేరు పలుకరాదు, 'ఏమండీ' అనవలెను. ఊరివారు ఆమెను ఫలానావారి కోడలు, ఫలానావాని తల్లి అందురు. ఆమె పేరు పుట్టింటనే నిలిచిపోవుచుండెను. ఇది ఒక్క తెలుగునాటి ఆచారమే కాదు. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల జాబితాలు తయారగునప్పుడు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానావాని భార్యనని, ఫలానావాని తల్లినని వ్రాయించుకొనిరి. అట్టి సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితాలనుండి తొలగింపబడెను. పేరు పలుకని మర్యాద వారికి ఓటు లేకుండ చేసినది.

ఇన్ని మెట్లు పెట్టుకొన్న తెలుగువారు ముగ్గురిని మాత్రము మెట్లపై నిలుపలేదు. దేవుని, తల్లిని, ప్రాణస్నేహితుని. అన్నమాచార్యులు వేంకటేశ్వరుని ఏకవచనముననే పిలిచెను. గోలకొండ చెరలోనుండి రామదాసు తన రాముని నిలదీసినదియు ఏకవచనముననే. 'మీరు' అని దేవుని ప్రార్థించువాడు తెలుగునాట అరుదు. దూరమున్నచోటనే గదా మర్యాదకు పని. దూరము లేనిచోట 'నీవు' అనుటయే గొప్ప మన్నన.

కాని పల్లెలలో 'నీవు' వినబడు నాలుగవ చోటొకటి కలదు. పాలేరును, చాకలిని, మాలమాదిగలను పిలుచుట కూడ ఏకవచనముననే. దేవునికి దూరము లేనందున 'నీవు'. పాలేరుకు దూరము మితిమీరినందున 'నీవు'. మాట ఒక్కటే, దాని వెనుకనున్న లోకములు రెండు. అరువదియేండ్ల వృద్ధుని ఆసామి యింటి పదేండ్ల బాలుడు 'ఒరే' అని పిలుచుచుండెడివాడు. ఆ వృద్ధుడు ఆ బాలుని 'అయ్యగారూ' అనవలసియుండెను. రామయ్య అను నిండుపేరు ఉన్నవాడు ఊరిలో 'రామిగాడు' అయ్యెను. గారు, గాడు – రెంటికిని నడుమ భేదము ఒక్క అక్షరము. ఆ ఒక్క అక్షరమును దాటుటకు తరములు పట్టినది.

పిల్లవానిని తాత 'నీవు' అనుటలోను, తాతను పిల్లవాడు 'మీరు' అనుటలోను ఎచ్చుతగ్గులు లేవా యని యడుగవచ్చును. కలవు, కాని ఆ పిల్లవాడును ఒకనాటికి తాత యగును, వాని వంతు వానికి వచ్చును. వయస్సువలన కలుగు భేదమును కాలమే తీర్చును. పుట్టుకవలన కల్పింపబడిన భేదమునకు అట్టి వంతు ఏనాటికిని రాదు. అదియే మర్యాదకును పెత్తనమునకును గల తేడా.

ఈ సంగతి నైజాము తెలంగాణలోని వెట్టిచాకిరి కాలమును తలచినచో ఇంకను తేటపడును. దొర యెదుట నిలిచిన పేదవాని నోట వినవచ్చుచుండిన మాట 'బాంచెన్, నీ కాల్మొక్త' అని. బాంచ యనగా బానిస. ఆ మాటలో దొరకు చెల్లినది 'నీ' అను ఏకవచనమే! అయినను అంతకన్న అణగిన మాట తెలుగున వేరొకటి లేదు. కావున మన్ననగాని అవమానముగాని సర్వనామములో లేదు. దానిని పలుకువాడు వెన్నెముక నిలిపి పలుకుచున్నాడా, వంచి పలుకుచున్నాడా యనుటలో నున్నది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటము భూమి కొరకును, వెట్టి నిర్మూలన కొరకును జరిగినదే గాక, ఆ వంగిన మాటను నోటినుండి తొలగించుకొనుటకు కూడ జరిగినది.

కోస్తాలోను ఇట్టి ప్రయత్నము అంతకు ముందే మొదలైనది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో ఏర్పాటైన సభకు హైదరాబాదునుండి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ, ఆ 'పంచమ' శబ్దమునే కాదనెను. తాము ఈ దేశమునకు ఆదివాసులమని చెప్పి సభకు ఆది ఆంధ్ర యను పేరు పెట్టించెను. ఇతరులు పెట్టిన పేరుతో కాక, తాము కోరుకొన్న పేరుతో పిలువబడుట తొలి హక్కు అని ఆ సభ చాటినది. 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది; 18వ అధికరణమున సైనిక, విద్యావిషయకములు తప్ప తక్కిన బిరుదులను ప్రభుత్వము ఇయ్యరాదన్నది. రావుబహద్దూరుల కాలము ముగిసినది. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము, దానికి 2015లో చేసిన సవరణ, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని పదుగురెదుట కులము పేరుతో దూషించుటను శిక్షార్హమైన నేరముగా నిర్ణయించినవి. నోటిదురుసు నేరమగుటకు ఇంతకాలము పట్టినది.

ఇతర దేశములును ఈ చిక్కును ఎదుర్కొన్నవే. ఇంగ్లీషువారు అందరిని బహువచనమునకు ఎక్కించి, పదునేడవ శతాబ్దము ముగియునప్పటికి నిత్యవ్యవహారమున ఏకవచనమును దాదాపు వదలుకొనిరి. ఫ్రాన్సు విప్లవకారులు 1793లో అందరిని ఏకవచనమునకు దింపి, దొరగారు అనుటకు మారుగా పౌరుడా అనిరి. ఆ యలవాటు నిలువలేదు. స్వీడనులో 1967లో ఆరోగ్యశాఖాధిపతి యైన బ్రూర్ రెక్సెడ్ తన కార్యాలయమున అందరిని 'నీవు' అనెదనని ప్రకటించెను. అది దేశమంతట పాకి నిలిచిపోయినది. ఎక్కించి సమము చేయుట ఒక మార్గము, దింపి సమము చేయుట ఇంకొక మార్గము.

తెలుగువారికి ఈ రెండును పూర్తిగా పొసగవు. తల్లిని 'మీరు' అని దూరము చేసికొనలేము. క్రొత్తవారిని 'నీవు' అని చనువు తీసికొనలేము. పైగా ప్రాంతమునకొక తీరు. గోదావరి మండలములలో ప్రతి మాట చివర 'అండి' పలుకును. తెలంగాణ పల్లెలలో పెద్దవారిని సైతము 'నువ్వు' అనుచు, ముందు 'అన్నా' అనియో 'అవ్వా' అనియో చేర్తురు. రాయలసీమలో 'అప్పా', 'అన్నా' అను పిలుపులు మర్యాదను మోయును. కోస్తావాడు ఆ 'నువ్వు' విని నొచ్చుకొనరాదు. తెలంగాణవాడు ఈ 'అండి' విని కృత్రిమమనుకొనరాదు. రక్తసంబంధము లేనివారిని సైతము బాబాయి, మామ, అక్క, పెద్దమ్మ అని వరుసలు కలుపుకొని పిలుచుట మన పల్లెలలోని చక్కని సంపద. హిందువులును ముసల్మానులును ఈ వరుసలతో కలిసిమెలిసి బ్రతికిరి. ఆ వరుసలు ఊరి చివరి వాడవరకు వెళ్ళకపోవుటయే లోపము. వరుసలలో లోపము లేదు.

కావున మనకు పనికివచ్చు కొలబద్ద యొక్కటే: ఇచ్చిన పిలుపు తిరిగి వచ్చుచున్నదా? 'నీవు'కు 'నీవు' బదులు వచ్చినచో అది స్నేహము. 'మీరు'కు 'మీరు' బదులు వచ్చినచో అది మర్యాద. 'ఒరే'కు 'అయ్యా' బదులు వచ్చుచుండి, ఏనాటికిని అది తారుమారు కానిచో అది పెత్తనము.

తెలుగునాట గ్రంథాలయములు ఈ విషయమున చేసిన మేలు పైకి కనబడనిది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అటుపిమ్మట పల్లెపల్లెకు పుస్తకపు బీరువా చేరినది. ఆ బీరువాతోపాటు ఒక పట్టీపుస్తకము కూడ వచ్చినది. పుస్తకము తీసికొనువాని పేరు అందు పూర్తిగా వ్రాయవలెను, తండ్రిపేరు వ్రాయవలెను, వాడే స్వయముగా సంతకము చేయవలెను. ఆ గడిలో 'రామిగాడు' అని వ్రాసిన చెల్లదు. రామయ్య అనియే వ్రాయవలెను. ఊరిలో ఎవరును పలుకని నిండుపేరు మొదట కాగితముపైకి ఎక్కి, తరువాత నోటికి వచ్చును. పాతికేండ్ల పట్టీపుస్తకములు తిరుగవేసి చూచినచో ఒక ఊరు తన మనుష్యులను ఏమని పిలుచుట నేర్చుకొన్నదో తెలియును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు అంతకన్న గొప్ప లెక్క వేరొకటి యుండదు.