మొగ్గ ఎటు తొడగాలి?

బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టులోనూ తల్లీకూతుళ్లున్నారంటే మీరు నవ్వుతారేమో. ఇది నేను కల్పించిన మాట కాదండీ, శాస్త్రజ్ఞులు వాడే మాటే. ఈ ఈస్టు కణం సరిగ్గా సగానికి చీలదు. ఒక పక్కన మొగ్గ తొడుగుతుంది. పెరిగి విడిపోయిన మొగ్గ కూతురు, మిగిలింది తల్లి. కూతురు విడిపోయిన చోట తల్లి ఒంటిమీద గుండ్రని మచ్చ ఉండిపోతుంది.

1959లో మార్టిమర్, జాన్‌స్టన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మైక్రోస్కోపు కింద పుట్టిన కూతుర్ని పుట్టినట్టే పక్కకు జరుపుతూ ఓపిగ్గా లెక్కపెట్టారు. సుమారు 25 కాన్పులయ్యేసరికి తల్లి పని అయిపోయింది. కూతురు మాత్రం మామూలుగా తన లెక్క మళ్లీ ఒకటి నుంచే మొదలుపెడుతుంది.

ఇంతకీ గుండ్రటి కణానికి మొగ్గ ఎటు తొడగాలో చెప్పేదెవరు? 1970 ప్రాంతంలో సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్ కణవిభజన రహస్యం కోసం, కాస్త వేడి పెంచితే విభజన ఆగిపోయే ఈస్టుల్ని ఏరిపెట్టాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన పని అదే. వాటిలో ఒక రకం వింతగా ఉండేది. వేడి తగిలినా పెరగడం మానదు. మొగ్గ మాత్రం తొడగదు. బూరెలా ఉబ్బుతూ పోతుంది. బలం లేక కాదు, దిక్కు తెలియక!

1984లో మెరిసే రంగులద్ది చూస్తే, కణం లోపల ఆక్టిన్ అనే ప్రొటీను తీగలు మొగ్గ వైపు బారులు తీరి కనిపించాయి. మొగ్గకు కావలసిన సామాను ఆ తీగల వెంబడే చేరుతుంది. వాటికి దిక్కు చూపే సి.డి.సి.42 అనే ప్రొటీను గుట్టు 1990లో తెలిసింది. ఉబ్బిపోయిన ఆ ఈస్టులో చెడింది, దీన్ని మేలుకొలిపే ప్రొటీనే. అదే ఏడు మనిషిలోనూ దీని జోడు దొరికింది. సి.డి.సి.42 పాడైన ఈస్టులో మనిషి జన్యువు పెడితే అది బాగుపడింది! ఈస్టుకీ మనకీ అంత దగ్గర చుట్టరికమన్నమాట.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. చెడిపోయిన ప్రొటీన్లను తల్లి చాలావరకు తనలోనే అట్టేపెట్టుకుంటుందని 2003లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆక్టిన్ తీగల్ని చెదరగొడితే ఆ కట్టుబాటు తప్పి, ఆ చెత్త కూతురికీ చేరుతుంది.

దీన్ని త్యాగం అనబోను. ఈస్టుకు ఆ ఊసే తెలియదు. కానీ కూతురు తేలిగ్గా బయల్దేరాలంటే పాత బరువు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ బరువు ఎవరి దగ్గర ఆగుతుందో మన ఇళ్లలో వేరే చెప్పాలా!